వెనక బెంచీకి వచ్చిన తాళి పళ్లెం

పోయిన శనివారం అల్వాల్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. మావారు పోయాక నేను గడప దాటి వెళ్లిన మొదటి పెళ్లి అది. చర్చిలో ఎప్పుడూ కూర్చునే ముందు వరుస వైపు కాళ్లు పోలేదు. ఫ్యాను కింద చోటుందన్న వంక పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. వాక్యం అయింది, పాట అయింది. తాళిని పళ్లెంలో గులాబీ రేకుల మీద పెట్టి, అందరూ తాకి దీవించడానికి వరుసల వెంట తిప్పడం మొదలుపెట్టారు. మా క్రైస్తవుల ఇళ్లలో తాళికి నల్లపూసల మధ్య చిన్న సిలువ ఉంటుంది. అంతే తేడా, మిగతాదంతా అందరి పెళ్లిలాగే.

పట్టులంగా వేసుకున్న ఒక అమ్మాయి పళ్లెం తెచ్చి నా ముందు నిలబడింది. చెయ్యి చాపాను. అది సగం దూరం పోయి ఆగిపోయింది. నన్నెవరూ వద్దనలేదు, ఆ పిల్లకు నా సంగతే తెలియదు. నా అంతట నాకే వెనక్కి తీసుకోవాలనిపించింది. చెప్పొద్దూ, నా చెయ్యి మీద నాకే ఒళ్లు మండింది. అప్పుడు గుర్తొచ్చింది మా అమ్మమ్మ. ఆమెతో పాటు ఆమె ఒంటినుంచి వచ్చే కాల్చిన పంచదార వాసన కూడా గుర్తొచ్చింది.

అప్పట్లో మేం తిరుమలగిరిలో ఉండేవాళ్లం. పొద్దున మిలిటరీ వాళ్లు బూర ఊదితే మాకు అలారం. అమ్మమ్మ, ఆమె కొడుకు అంటే మా మామ, అమ్మ, నాన్న, నేను, అందరం ఒకే పెంకుటింట్లో. అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, నర్సు చదువు అయ్యాక మస్కట్ వెళ్లిపోయింది. చిన్నమ్మ పాకే వయసులోనే తాతయ్య పోయాడట. అప్పటినుంచి అమ్మమ్మ ఒక ఆసుపత్రి వంటింట్లో పనిచేసి పిల్లల్ని పెంచింది. సెలవు దొరికినప్పుడల్లా పెళ్లి కేకులు చేసేది. మా చర్చిలో పెళ్లంటే ఆమె కేకు ఉండాల్సిందే.

కేకంటే ఇప్పటిలా ఫోనులో చెప్తే అట్టపెట్టెలో వచ్చేది కాదు. ఎండుద్రాక్ష, చెర్రీ, నారింజ తొక్కల మురబ్బా సన్నగా తరిగి నానబెట్టాలి. పంచదారను నల్లబడేదాకా మాడ్చి నీళ్లు పోయాలి, అది బుస్సుమని లేచి ఇల్లంతా వాసన కొట్టేది. తరగడం నా పని. నేను తరిగిన చెర్రీల్లో సగమే గిన్నెలోకి చేరేవి. "ఏందే, చెర్రీలకు కాళ్లొచ్చినయా?" అనేది అమ్మమ్మ, నా ఎర్రటి నాలుక చూసి. ఇంట్లో ఓవెన్లు ఎక్కడివి? పిండి కలిపిన రేకు డబ్బాలను రిక్షాలో పెట్టుకుని బజారులో బేకరీకి తీసుకుపోతే, వాళ్ల బ్రెడ్డు దిగాక కట్టెల పొయ్యిలో మా డబ్బాలు పెట్టేవాళ్లు. అక్కడే బెంచీ మీద కూర్చుని, వేడి బన్ను తింటూ, కేకు పొంగేదాకా కాపలా కాసేవాళ్లం. బేకరీ అతనితో అమ్మమ్మ ఉర్దూలో పోట్లాడేది. ఆమెకు చదువు రాదు గానీ బజారులో నేర్చిన ఉర్దూ మాత్రం ధారాళంగా వచ్చేది.

ఇంత కేకు చేసిన మనిషి పెళ్లిలో మాత్రం ఆఖరి బెంచీలో గోడకు ఆనుకుని కూర్చునేది. తాళి పళ్లెం వస్తే తల దించుకుని, తాకకుండా పక్కవాళ్లకు తోసేది. ఆమె పక్కన కూర్చునే పాలవ్వ కూడా అంతే. ఇద్దరూ మొగుళ్లు పోయినవాళ్లు. "నువ్వెందుకు ముట్టుకోవు?" అని ఒకసారి అడిగితే, "నాకెందుకులే బిడ్డా, పిల్ల సల్లగుండాలె" అంది. మేం ఎన్నడూ బొట్టు పెట్టుకోని ఇంటివాళ్లం. చర్చిలో అలాంటి నియమమేదీ లేదు. అయినా ఆ ఒక్క సంగతి మా వాళ్ల వెంట వచ్చేసింది, ఎవరూ పిలవకుండానే.

చిన్నమ్మకు మస్కట్‌లోనే సంబంధం కుదిరింది. అబ్బాయి కరీంనగర్ వాడు, ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే ల్యాబులో ఉద్యోగం. ఇద్దరికీ ఒకేసారి పెద్ద సెలవు దొరకదట, అందుకని పెళ్లి మస్కట్‌లోనే అన్నారు. అప్పుడే తమ్ముడు పుట్టాడు, అమ్మ బాలింత. నాన్నది రైల్వే ఉద్యోగం, సెలవు దొరకలేదు. చివరికి ముగ్గురం తేలాం. మామ ఎందుకంటే, తండ్రి లేని చిన్నమ్మను చెయ్యి పట్టుకుని చర్చిలో ముందుకు నడిపించి, పెళ్లికొడుకు చేతికి అప్పగించాల్సింది అన్నే కాబట్టి. నేను ఎందుకంటే, మామకు తోడు ఇంగ్లీషు మీడియం చదివే మనిషి ఒకరుంటే మంచిదని. అమ్మమ్మ ఎందుకంటే, కేకు ఎవరు మోస్తారని. తల్లిని కాబట్టి వస్తున్నానని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

మామ కోటు కుట్టించుకున్నాడు. ముదురు నీలం రంగు, గుండీలు మెరిసేవి. మా వాడలో కోటు వేసిన మొదటి మనిషి తనేనని నమ్మాడు పాపం. రోజూ సాయంత్రం అది తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని, వాకిట్లో, వేరేవాళ్ల ఇళ్లలో తులసికోట ఉండే చోట మేం మేకలు కట్టే రాటదాకా నడిచేవాడు. "మెల్లగ నడువే, పెళ్లిపిల్ల గిట్ల ఉరుకుతదా?" అని కసిరేవాడు. మేకలు మమ్మల్ని చూసి దారి ఇచ్చేవి.

బయల్దేరే రోజు వచ్చింది. ఇప్పుడు విమానం ఎక్కడమంటే కారు తలుపు తీసి దింపేయడమే, వెనకనుంచి ఈల వేసి బండి తీయమంటారు. అప్పుడు బేగంపేటకు మనిషిని సాగనంపడమంటే సగం సంఘం కదలాల్సిందే. ఒక వ్యాను మాట్లాడారు. పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, సకినాలు, గుడ్డ సంచుల్లో టిఫిను క్యారియర్లు. పెద్ద బిస్కెట్ల డబ్బాలో కేకు అమ్మమ్మ ఒళ్లో. మా ఇద్దరి పాస్‌పోర్టులు, టికెట్లు ఆమె బైబిలుకు కుట్టించుకున్న జిప్పు కవర్లో. మామవి మాత్రం అతని రెక్సిన్ బ్యాగులో. "నా పాస్‌పోర్టు నేను సూసుకోలేనా? చిన్నపోరన్నా?" అని పొద్దున్నే అమ్మమ్మ దగ్గర లాక్కున్నాడు.

విమానాశ్రయం ముందు చెట్టు కింద అందరం గుండ్రంగా నిలబడ్డాం. మేం తాతయ్య అని పిలిచే మా సంఘపెద్ద ప్రార్థన చేయాలి. ఆయన ఎంత మంచివాడో ఆయన ప్రార్థన అంత పొడుగు. ఆయన మొదలుపెడితే పొయ్యి మీద పప్పు దించి రావాలని మా ఆడవాళ్లకు తెలుసు. చేతులు జోడించడానికి మామ బ్యాగు కింద పెట్టాడు. అందరం కళ్లు మూసుకున్నాం. తాతయ్య లోకం పుట్టిన దగ్గరనుంచి మొదలుపెట్టి, సముద్రాలు దాటి, విమానం నడిపే అతని కళ్లు, చేతులు, ఇంటిల్లిపాది, విమానం రెక్కలు, చక్రాలు, ఒక్కొక్కటీ పేరు పెట్టి దేవునికి అప్పజెప్పాడు. మస్కట్ రాజుగారి ఆరోగ్యం కూడా అడిగాడు. మధ్యలో పోలీసు ఈల వినిపించింది. ఎవరో ఏదో సర్దుతున్న చప్పుడైంది. కానీ ప్రార్థనలో కళ్లు తెరిచే ధైర్యం ఎవరికుంది? నేను ఒక కన్ను తెరవబోతే అమ్మ పిన్ని కూతురు నా నెత్తి మీద మొట్టింది.

ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి వ్యాను లేదు. చెట్టు కింద పెట్టిన సంచులు లేవు. మామ బ్యాగూ లేదు. పోలీసు బండి తీయమని తరిమితే, డ్రైవరు మా సంచులన్నీ భద్రంగా లోపల వేసుకుని వెళ్లిపోయాడు. టిఫిన్ల మధ్య పెట్టిన బ్యాగును కూడా టిఫినే అనుకున్నాడు. మమ్మల్ని దింపి అల్వాల్‌లో ఇంకో బేరానికి పోవాలని దారిలోనే చెప్పాడు. చేతిలో ఫోన్లు లేని కాలం. మామ ఒక కుర్రాడి స్కూటరు వెనక ఎక్కి అల్వాల్ వైపు ఎగిరిపోయాడు.

మిగిలినవాళ్లం గేటు వైపు చూస్తూ నిలబడ్డాం. తాతయ్య ముఖం చూస్తే జాలేసింది. "నేనే జెర జల్ది ముగించేదుండె" అని గొణుక్కుంటున్నాడు. లోపలికి రండి, కౌంటరు మూసేస్తాం అని లోపలివాళ్లు పిలిచారు. ఇంకోసారి పిలిచారు. మామ జాడ లేదు.

నాన్న అమ్మమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "అత్తమ్మా, ఇయ్యాల వద్దు. పరేషాన్ గాకు. ఒక్కదానివి పసిపిల్లను వట్టుకొని యాడికి పోతవ్? తర్వాత విమానంల ముగ్గురూ పోదురు."

"తర్వాతది ఎప్పుడున్నది?"

"పెళ్లైన తర్వాత" అన్నాడు నాన్న, నేల చూస్తూ.

"పెళ్లి ఆగుతదా మరి?"

"ఆగదు. ఆడ చర్చి దొరికింది ఆ ఒక్క పూటకే."

"పెళ్లి ఆగనప్పుడు నేనెందుకు ఆగుత?" అని అమ్మమ్మ కేకు డబ్బా చంకలో పెట్టుకుని, రెండో చేత్తో నన్ను పట్టుకుని గేటు లోపలికి నడిచింది. నాకు ఏడుపొస్తోంది. అయినా ఆమె వెనక్కి తిరగలేదు. ఆమె కాళ్ల దగ్గరే ఉండి డ్రైవరు చేతికి చిక్కని మామ సూట్‌కేసును నాన్న గేటు దగ్గర లోపలికి అందించాడు, ఎందుకంటే మా బట్టలూ అందులోనే ఉన్నాయి.

అప్పుడు విమానం దాకా నడుచుకుంటూ పోవడమే. మెట్లెక్కుతూ వెనక్కి చూస్తే, సాగనంపేవాళ్లు నిలబడే మేడ మీద మా వాళ్లంతా చేతులూపుతున్నారు. వాళ్ల మధ్య ఆయాసపడుతూ మామ. చేతిలో రెక్సిన్ బ్యాగు. దొరికింది! దాన్ని నెత్తి మీద పైకెత్తి ఊపుతున్నాడు, మేమేదో వెనక్కి వచ్చి తీసుకుంటామన్నట్టు. ఇప్పటికీ మెట్రోలో బేగంపేట దాటుతుంటే నాకు ఆ బ్యాగే కనిపిస్తుంది.

విమానంలో అమ్మమ్మ బెల్టు విప్పలేదు, కేకు దింపలేదు. వాళ్లిచ్చిన తిండి నేను తిన్నాను. చిన్న ఉప్పు పొట్లాలు, ప్లాస్టిక్ చెంచాలు మా వాడ పిల్లలకు చూపించడానికి జేబుల్లో నింపుకున్నాను. కింద నీళ్లు తప్ప ఏమీ కనిపించని చోట ఆమె నెమ్మదిగా అడిగింది. "బిడ్డా, చిన్నమ్మ చెయ్యి ఇప్పుడు ఎవరు వట్టుకుంటరే?" నా ఇంగ్లీషు దానికి పనికిరాదు.

మస్కట్‌లో దిగాక తనిఖీ దగ్గర పొడుగు తెల్ల అంగీ వేసుకున్న అధికారి డబ్బా తెరవమన్నాడు. నేను బడిలో నేర్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుంటుంటే, అమ్మమ్మ నన్ను పక్కకు జరిపింది. "మేరీ ఛోటీ బేటీ కీ షాదీ హై భాయ్. కేక్ హై. హాత్ మత్ లగావో, టూట్ జాయేగా" అంది, నా చిన్నబిడ్డ పెళ్లి కేకు, ముట్టుకుంటే విరిగిపోతుందని బేకరీ అతన్ని కసిరినట్టే. అతనికి అర్థమైంది! నవ్వి, డబ్బా మీద వంగి వాసన చూసి, మూత తానే పెట్టి, మబ్రూక్ అన్నాడు. అదేం మాటో మాకు తెలియదు. అతని ముఖం చూస్తే మంచి మాటేనని తెలిసింది. నా ఇంగ్లీషు మాత్రం ఆ ప్రయాణమంతా అలాగే మడత విప్పకుండా ఉండిపోయింది.

బయట చిన్నమ్మ మా వెనక మామ కోసం చూస్తూనే ఉంది. సంగతి చెప్పేసరికి అక్కడే రైలింగు పట్టుకుని ఏడ్చింది. తర్వాత ప్రార్థన సంగతి విని, ఏడుస్తూనే పడీపడీ నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం చిన్నమ్మ గదిలో చాప మీద కూర్చుని అమ్మమ్మ కేకుకు పంచదార పూత పూస్తోంది. అక్కడి తెలుగు సంఘంలో ఒక పెద్ద ఇంజనీరుగారు, అన్న రాలేదు కదా, తండ్రి స్థానంలో నేను నడిపిస్తానని కబురు పంపాడు. అమ్మమ్మకు ప్రాణం లేచొచ్చింది. "దేవుడే పంపిండు" అంది.

చిన్నమ్మ వచ్చి ఆమె ఎదురుగా కూర్చుని అంది. "ఆయన మంచోడేనమ్మా. కానీ నా చెయ్యి నువ్వే వట్టుకోవాలె."

అమ్మమ్మ చేతిలో పూత పూసే కత్తి ఆగిపోయింది. "నేనా? నీకు తెలివున్నదానే? మొగడు పోయినదాన్ని, నేను ముంగట నడుస్తనా? నలుగురు ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోనీ."

"నా రాత నీకు అంటితే? రేపు నీకేమన్నైతే నేను బతుకుతనా?" అంది అమ్మమ్మ. నాకు అప్పుడే తెలిసింది, ఆఖరి బెంచీలో అన్నాళ్లూ ఆమె కూర్చున్నది సిగ్గుతో కాదు, భయంతో అని. తన చెయ్యి తగిలితే ఎవరి పిల్లకో కీడు జరుగుతుందని నిజంగా నమ్మింది.

చిన్నమ్మ జరిగి వచ్చి, పంచదార అంటిన ఆ చేతులు రెండూ పట్టుకుంది. "గీ చేతులతోనే కదమ్మా నాకు అన్నం వెట్టినవ్, స్నానం చేపిచ్చినవ్, బడికి తోల్కవోయినవ్. అప్పుడేమన్న అయ్యిందా నాకు? ఒక్కదానివి సముద్రం దాటొచ్చినవ్. నాలుగు బెంచీలు దాటలేవా?"

అమ్మమ్మ చేతులు విడిపించుకుని మళ్లీ పూత పూయడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం ఇంజనీరుగారికి వద్దని చెప్పనూ లేదు, సరేననీ చెప్పలేదు.

అక్కడ సెలవు శుక్రవారం, పెళ్లీ ఆ రోజే. ఒకే చర్చిలో వంతులవారీగా ఎన్నో భాషలవాళ్లు ఆరాధన చేసుకుంటారట. మాకు ముందు మలయాళీలు, మా తర్వాత వేరే దేశంవాళ్లు. వాళ్లు అప్పటికే గిటార్లు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. కేకు బల్ల మీద పెట్టాక అమ్మమ్మ అలవాటుగా వెనక గోడ వైపు నడిచింది. ముందు బెంచీలో మామ కూర్చోవాల్సిన చోట నేను సూట్‌కేసులో మాతో వచ్చిన అతని కోటు పరిచాను. ఎవరైనా కూర్చోబోతే, "ఇక్కడ మా మామ ఉన్నాడు" అని చెప్పాను.

పాట మొదలైంది. గుమ్మంలో తెల్ల చీరలో చిన్నమ్మ. పక్కన ఇంజనీరుగారు సూటు సవరించుకుని మోచెయ్యి చాపాడు. చిన్నమ్మ కదల్లేదు. వెనక బెంచీ వైపు చూస్తూ నిలబడింది. పాట ఒక చరణం అయింది, రెండో చరణం అయింది. పియానో వాయించే ఆమె మెడ తిప్పి చూసి, మళ్లీ మొదటికి వచ్చింది. గిటార్లవాళ్లు గడియారాలు చూసుకుంటున్నారు.

అప్పుడు అమ్మమ్మ లేచింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, వంటింట్లోంచి వచ్చేముందు తుడుచుకున్నట్టే. ఇంజనీరుగారికి నమస్కారం పెట్టింది. ఆయన చప్పున పక్కకు తప్పుకున్నాడు, మంచి మనిషి. ఆమె చిన్నమ్మ చెయ్యి పట్టుకుని, తల దించుకుని నడవడం మొదలుపెట్టింది. సగం దారి వచ్చాక తలెత్తింది.

"ఈమెను పెండ్లికి అప్పగించువారు ఎవరు?" అని పాస్టరుగారు అడిగారు. మామ ఇంట్లో వందసార్లు జవాబు సాధన చేశాడు. అమ్మమ్మ చెయ్యలేదు. చర్చిలో ఆమె గొంతు పాటలో తప్ప నేనెప్పుడూ వినలేదు.

"నేనే అయ్యగారూ" అంది. ఆగి, ఇంకా గట్టిగా అంది. "నేనే కన్న, నేనే సాదిన, నేనే ఇస్తున్న."

గిటార్లవాళ్లకు తెలుగు రాదు. అయినా వాళ్లలో ఒకామె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. నేను మామ కోటులో ముఖం దాచుకున్నాను. అది కొత్త గుడ్డ వాసన వేసింది.

మేం తిరిగి వచ్చాక మామ ఫోటోలు ఒక్కొక్కటే తిరగేశాడు. ముందు బెంచీలో కోటు కనిపించి, "నేను పోకున్నా నా కోటు సుత పెళ్లి జూసొచ్చింది" అని నవ్వాడు. ఆ కోటు తర్వాత ఎన్నో పెళ్లిళ్లు చూసింది. మామ పోయినప్పుడు అదే తొడిగి పంపించాం.

అమ్మమ్మ వచ్చాక మా చర్చిలో జరిగిన మొదటి పెళ్లి నాకు బాగా గుర్తు. ఆమె మళ్లీ ఆఖరి బెంచీలోనే కూర్చుంది. అంతా మామూలే అయిపోయిందనుకుని నాకు ఉసూరుమనిపించింది. తాళి పళ్లెం వచ్చింది. అమ్మమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుంది. అరచెయ్యి తాళి మీద ఆనించి, కళ్లు మూసుకుని, పెదాలు కదిలించింది. ముందు వరుసలవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. ఆమె పళ్లెం పాలవ్వ ఒళ్లోకి జరిపింది. పాలవ్వ చేతులు కొంగు కిందికి దాచుకుంది.

"పట్టు, వదినె" అంది అమ్మమ్మ. "ఏం గాదు. నా బిడ్డ సల్లగున్నది, ఉత్తరమొచ్చింది."

పాలవ్వ పట్టుకుంది. ఆ రోజు ముగింపు ప్రార్థన సంఘపెద్ద తాతయ్యదే. మా చర్చి చరిత్రలో అంత పొట్టి ప్రార్థన ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. ఆమెన్ అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

చిన్నమ్మకు ఇప్పుడు మనవలు. చిన్నాన్న ఇంకా పొద్దున్నే లేచి ఆమెకు టీ పెట్టి ఇస్తాడు. అమ్మమ్మ లేదు, మామ లేడు, మా పెంకుటిల్లు లేదు, ఆ బేకరీ ఉన్నచోట మొబైల్ దుకాణం ఉంది. బేగంపేటలో సాగనంపేవాళ్లు నిలబడి చేతులూపే రోజులూ పోయాయి. ఇవన్నీ తలుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. పట్టులంగా అమ్మాయి పళ్లెం పట్టుకుని ఇంకా నా ముందే నిలబడి ఉంది.

"ఆంటీ, జెర జల్ది. ఇంకా శానమంది ఉన్నరు" అంది.

పళ్లెం ఒళ్లోకి తీసుకున్నాను. తాళి మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఆ పెళ్లికూతురి పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు, అయినా మనసారా దీవించాను. నా పక్కన మా వీధి చివర ఉండే ఆమె కూర్చుని ఉంది. పోయిన ఏడు భర్త పోయాడు. నేను తల తిప్పేసరికి ఆమె చేతులు కొంగు కిందికి పోతున్నాయి.

పళ్లెం ఆమె ఒళ్లోకి జరిపాను.

"పట్టు, వదినె" అన్నాను. "ఏం గాదు."